పురిటింటిలోనికి వచ్చిన పరిశుద్ధుడు

ధ్యానభాగము: లూకా 2:1–24, లేవీయకాండము 12, హగ్గయి 2:10–14



క్రిస్మస్ మాసము వచ్చినది. గుడిగోడలకు సున్నము వేయుచున్నారు. నక్షత్రము కట్టుటకు యౌవనస్థులు వెదురుబద్దలు చీల్చుచున్నారు. స్త్రీల సమాజమువారు సాయంకాలమున కూడుకొని పాటలు నేర్చుకొనుచున్నారు. ఈ సంతోషము మంచిదే. అయితే ఈ సందడిలో మనము అడుగవలసిన ప్రశ్న యొకటి మరుగున పడిపోవుచున్నది. దేవుడు మనలను రక్షింపగోరినప్పుడు, ఆయన ఒక స్త్రీ గర్భమున పుట్టవలసిన పని ఏమి?

ఆయన మాట సెలవియ్యగా వెలుగు కలిగెను. అట్టివాడు మాట సెలవిచ్చి మన పాపమును క్షమింపలేడా? రాజు తన కోటలోనుండియే క్షమాపణ పత్రమును పంపవచ్చును. ఖైదీ ఉన్న చీకటి కొట్టులోనికి తాను దిగి రానక్కరలేదు. మన దేవుడు ఏల దిగివచ్చెను? వచ్చినను, పెద్దవాడై మహిమతో రాక, పురిటింటిలో ఏడ్చు పసికందుగా ఏల వచ్చెను? ఈ ప్రశ్నకు మనమిచ్చు జవాబునుబట్టి మన సంఘజీవితమంతయు ఆధారపడియున్నది. ఓపికతో చదువుడి.

1. ముట్టరాని కొండ, ముట్టదగిన బిడ్డ

నిర్గమకాండము 19వ అధ్యాయములో దేవుడు సీనాయి కొండమీదికి దిగివచ్చెను. అగ్ని, పొగ, బూరధ్వని, భూకంపము. కొండచుట్టు మేర ఏర్పరచబడెను. ఆ కొండ అంచును ముట్టినవానికి మరణశిక్ష. అట్టివానిని చేతితో పట్టుకొనుట సయితము కూడదు, దూరమునుండియే చంపవలెను. పరిశుద్ధుడైన దేవునికిని పాపియైన మనుష్యునికిని మధ్య ఎంత దూరమున్నదో ఇశ్రాయేలీయులు ఆ దినమున తెలిసికొనిరి.

లూకా సువార్త 2వ అధ్యాయమునకు రండి. ఆ దేవుడే మరల దిగివచ్చెను. ఈసారి మేర లేదు. బేత్లెహేము పొలములో మందను కాచుకొను కాపరులు, చేతులకు ఉన్ని వాసన, కాళ్లకు బురద ఉన్నవారు, నేరుగా పశువుల తొట్టియొద్దకు వెళ్లిరి. వారిని ఎవరును ఆపలేదు. ఆ బిడ్డ ఎవరి చేతులలోనికైనను రాగలవాడు. తరువాత యోహాను తన మొదటి పత్రికను ఆరంభించునప్పుడు, తాము ఆయనను చెవులతో విని, కన్నులతో చూచి, చేతులతో తాకితిమని సాక్ష్యమిచ్చెను. సీనాయి కొండను ముట్టిన చేయి చావవలసినది. బేత్లెహేము బిడ్డను ముట్టిన చేయి జీవపు వాక్యమును ముట్టినది. ఈ రెంటి మధ్య దేవుని పరిశుద్ధత తగ్గలేదు. ఆ పరిశుద్ధత మనయొద్దకు వచ్చిన విధము మారినది.

2. నలువది దినములు

పురిటింటినిగూర్చి మోషే ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో లేవీయకాండము 12వ అధ్యాయములో చూడవచ్చును. మగపిల్లవాని కనిన తల్లికి ఏడు దినములు మైల. ఎనిమిదవ దినమున బిడ్డకు సున్నతి. అటుపిమ్మట మరి 33 దినములు ఆమె పరిశుద్ధ వస్తువులను ముట్టరాదు, మందిరములోనికి రారాదు. వెరసి 40 దినములు. ఆడుబిడ్డ పుట్టినయెడల 80 దినములు. గడువు తీరిన తరువాత ఆమె ఒక గొఱ్ఱెపిల్లను, ఒక పక్షిని యాజకునియొద్దకు తేవలెను. గొఱ్ఱెపిల్లను కొనలేని పేదరాలు రెండు పక్షులను తెచ్చిన చాలును.

ఇందులో బిడ్డను కనుట పాపమని దేవుడు చెప్పలేదు. సంతానము దేవుని ఆశీర్వాదమని ఆ ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. జీవము, రక్తము, మరణము ఇవి దేవుని చేతిలోనివి గనుక వాటియొద్ద మనుష్యుడు భయభక్తులతో నడువవలెనని ఆ నియమములు నేర్పుచుండెను. అయినను పురిటింటిలో నున్న స్త్రీ ఆ దినములలో మందిరమునకు దూరముగా ఉండవలసినదే.

ఇప్పుడు లూకా వ్రాసిన సంగతి చూడుడి. మరియ ఆ దినములు గడిపెను. గడువు తీరగా యెరూషలేమునకు వెళ్లి, పేదలకు ఏర్పరచబడిన అర్పణనే తెచ్చెను. లూకా ఈ మాట దాచలేదు. లోకరక్షకుని తల్లి గొఱ్ఱెపిల్లను కొనలేకపోయెను. ఆమె ఒడిలో మాత్రము దేవుని గొఱ్ఱెపిల్ల ఉండెను. మరియొక సంగతియు గమనింపుడి. తొలిచూలు కుమారుని ఐదు తులముల వెండి ఇచ్చి విడిపింపవలెనని సంఖ్యాకాండము 18వ అధ్యాయములో నున్నది. మనలను విడిపించుటకు వచ్చినవాడు తానే విడిపింపబడవలసిన బిడ్డల వరుసలోనికి వచ్చెను. పౌలు గలతీయులకు వ్రాయుచు, దేవుని కుమారుడు స్త్రీయందు పుట్టి ధర్మశాస్త్రమునకు లోబడినవాడాయెనని చెప్పినది ఊరక చెప్పిన మాట కాదు. మందిరమునకు ప్రభువైనవాడు, మందిరములోనికి రాకూడని తల్లి రొమ్మున ఆ దినములన్నియు గడిపెను. పరిశుద్ధుడు పురిటిమైలలో ఉండుటకు సిగ్గుపడలేదు.

3. జననమునుగూర్చి సిగ్గుపడినవాడు

అయితే సిగ్గుపడిన క్రైస్తవులు ఉండిరి. రెండవ శతాబ్దములో నల్లసముద్రపు తీరమున పొంతు దేశములోని సినోపె పట్టణమునుండి మార్కియోను అను ధనవంతుడు రోమాకు వచ్చెను. ఇతడు యేసును ఎంతో గౌరవించెను. కాని దేవుడు స్త్రీ గర్భములో తొమ్మిది నెలలు ఉండి, రక్తముతో, నొప్పితో, ఏడ్పుతో పుట్టెననుట అతనికి అసహ్యముగా తోచెను. పాత నిబంధనను త్రోసివేసి, లూకా సువార్తను తనకు తగినట్లు కత్తిరించెను. అతని పుస్తకములో బేత్లెహేము లేదు, తొట్టి లేదు, పొత్తిగుడ్డలు లేవు. తిబెరి కైసరు ఏలుబడిలో పదునైదవ సంవత్సరమున యేసు ఉన్నపళముగా ప్రత్యక్షమాయెనని అతని పుస్తకము మొదలగును. క్రీ.శ. 144లో రోమా సంఘము అతనిని వెలివేసెను.

కార్తేజి పట్టణపు టెర్టుల్లియను, మూడవ శతాబ్దపు ఆరంభ సంవత్సరములలో, క్రీస్తుయొక్క శరీరమునుగూర్చి ఒక గ్రంథము వ్రాసి మార్కియోనుకు జవాబిచ్చెను. అతని వాదమును మన మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును. ఓ మార్కియోనూ, నీవు అసహ్యించుకొను ఆ పురిటింటిలోనే నీవును పుట్టితివి గదా. ఆ మురికిలో పుట్టిన మనుష్యునినే క్రీస్తు ప్రేమించెను. మనుష్యుని ప్రేమించువాడు వాని పుట్టుకను వదలి వానిని ప్రేమింపలేడు.

ఈ జవాబు చాల లోతైనది. పుట్టుకను అసహ్యించుకొనువాడు చివరకు మనుష్యునే అసహ్యించుకొనును. పేరుకు దేవుని గౌరవము నిలుపుచున్నానని చెప్పును; నిజముగా దేవుని ప్రేమను తగ్గించుచున్నాడు. నొప్పితో, రక్తముతో కూడిన మన నిజ జీవితమును ముట్టని దేవుడు మనకు రక్షకుడెట్లగును? హెబ్రీ పత్రిక 2వ అధ్యాయము చెప్పుచున్నట్లు, పిల్లలు రక్తమాంసములు గలవారు గనుక ఆయనయు వాటిలో పాలివాడాయెను. ఆయన ముట్టని మన భాగమేదైన మిగిలియున్నయెడల, ఆ భాగము ఇంకను రక్షింపబడకుండ మిగిలియున్నట్లే.

యెహెజ్కేలు 16వ అధ్యాయములో ఒక చిత్రమున్నది. నాభిసూత్రము కోయబడక, నీళ్లతో కడుగబడక, ఉప్పు రుద్దబడక, గుడ్డలో చుట్టబడక, పొలములో పారవేయబడిన పసిబిడ్డ. ఆ మార్గమున దేవుడు వెళ్లుచు, రక్తములో పొరలుచున్న ఆ బిడ్డను చూచి, బ్రదుకుమని పలికెను. అక్కడ దేవుడు బిడ్డయొద్ద నిలిచెను. బేత్లెహేములో ఆయనయే బిడ్డ ఆయెను.

4. హగ్గయి యాజకులను అడిగిన ప్రశ్న

క్రీ.పూ. 520లో, తొమ్మిదవ నెల ఇరువది నాలుగవ దినమున, మన లెక్కలో ఇంచుమించు డిసెంబరు మాసముననే, హగ్గయి ప్రవక్త యాజకులను రెండు ప్రశ్నలు అడిగెను. ఒకడు ప్రతిష్ఠితమైన మాంసమును తన బట్ట చెంగున కట్టుకొని వెళ్లుచు, ఆ చెంగు రొట్టెకో నూనెకో తగిలినయెడల అవి పరిశుద్ధమగునా? యాజకులు కావనిరి. శవమును ముట్టి మైలపడినవాడు వాటిని ముట్టినయెడల అవి మైలపడునా? అగుననిరి.

యాజకులు చెప్పినది సరియైన తీర్పే. రోజువారీ జీవితములో మనకును ఇదే తెలియును. పాలకుండలో విషపుచుక్క పడినచో పాలన్నియు చెడును. విషపుకుండలో పాలచుక్క పడినచో విషము బాగుపడదు. మైల అంటుకొనును; పరిశుద్ధత అంటుకొనదు. కాబట్టి పరిశుద్ధుడు కాగోరువాడు దూరముగా ఉండవలెను. అన్ని దేశములలోను మనుష్యులు మడిని కాపాడుకొనిన విధము ఇదియే.

యేసు పుట్టినప్పుడు ఈ నియమము తిరుగబడెను. ఆయన పెరిగి పెద్దవాడై ఏమి చేసెనో చూడుడి. లూకా 5వ అధ్యాయములో కుష్ఠరోగి ఆయన యెదుట సాగిలపడెను. ప్రభువు ముందు వానిని బాగుచేసి తరువాత ముట్టలేదు. ముందు చేయి చాపి ముట్టెను, పిమ్మట వాడు శుద్ధుడాయెను. ఈ క్రమము మరువకుడి. మార్కు 5వ అధ్యాయములో పన్నెండేండ్లుగా రక్తస్రావముగల స్త్రీ ఆయన వస్త్రమును ముట్టెను. ధర్మశాస్త్రము ప్రకారము ఆయన మైలపడవలసినది. మారుగా ఆయనలోనుండి ప్రభావము బయలుదేరి ఆమె బాగుపడెను. ఆ అధ్యాయములోనే ఆయన చనిపోయిన చిన్నదాని చేయి పట్టుకొనెను, ఆమె లేచెను. నాయీనులో పాడెను ముట్టెను, విధవరాలి కుమారుడు లేచి కూర్చుండెను. కుష్ఠము, రక్తస్రావము, శవము. ధర్మశాస్త్రములో పెద్ద మైలలు ఈ మూడే. మూడింటిని ఆయన ముట్టెను. మూడింటిలో ఒకటియు ఆయనకు అంటలేదు. ఆయన పరిశుద్ధతయే వారికి అంటెను. హగ్గయి ప్రశ్నకు ఇప్పుడు వేరొక జవాబున్నది. పరిశుద్ధత అంటుకొనును, అది క్రీస్తునందున్నప్పుడు.

ఆ మొదటి స్పర్శ గలిలయలో కాదు, బేత్లెహేములో జరిగెను. పుట్టిన బిడ్డను ఎత్తుకొనిన మరియ చేతులు, తొట్టిని సరిచేసిన యోసేపు చేతులు, ఇవియే దేవుని కుమారుని ముట్టిన మొదటి చేతులు. క్రిస్మస్ పండుగ భావము ఇదియే. దూరముగా ఉండి కాపాడుకొను పరిశుద్ధత పాతదాయెను. దగ్గరకు వచ్చి బాగుచేయు పరిశుద్ధత మన లోకములో పుట్టెను.

5. గడువుగల మైల, గడువులేని మైల

ఇప్పుడు మన గ్రామములవైపు చూతము. మన పెద్దల కాలములో కాన్పులు ఇండ్లలోనే జరిగెడివి. నేడు ఆసుపత్రులు వచ్చినవి; మంత్రసాని పని దాదాపు అంతరించినది. అయినను ముసలివారికి ఇంకను జ్ఞాపకమున్నది. కొన్ని గ్రామములలో మంగలి స్త్రీ ఆ పని చేసెడిది. అనేక గ్రామములలో మాల, మాదిగ వాడలనుండి వచ్చిన ముదుసలియే చేసెడిది. అర్ధరాత్రి కబురు వచ్చిన వెంటనే వెళ్లెడిది. ఆమె చేతులే బిడ్డను పట్టెను, బొడ్డు కోసెను, మొదటి స్నానము చేయించెను. గొప్ప కుటుంబపు బిడ్డను ఈ లోకములో మొదట ఆహ్వానించిన చేతులు ఆమెవే.

తల్లికి పురుడు పది దినములు. పదునొకండవ దినమున స్నానము, ఇల్లు కడుగుట, బంధువుల రాకపోకలు. తల్లి మైల ఆ దినముతో పోయెను. కాన్పు చేసిన మంత్రసాని మైల మాత్రము ఏ దినముతోను పోలేదు. తన చేతులతో పట్టిన బిడ్డ పెద్దవాడైన తరువాత ఆమె చేతి నీళ్లు త్రాగడు. అతని నూతియొద్దకు ఆమె రాకూడదు.

ఇందులోని అన్యాయమును స్పష్టముగా చూచుటకు మోషే ధర్మశాస్త్రము మనకు సహాయము చేయును. ధర్మశాస్త్రములో మైల ఎవరికైనను రావచ్చును. యాజకునికి, రాజునకు, దాసికి ఒకే రీతిగా వచ్చును. వచ్చిన మైలలకు గడువులు ఏర్పరచబడెను: కొన్ని సూర్యాస్తమయము వరకు, కొన్ని ఏడు దినములు, పురిటికి 40 దినములు. కుష్ఠరోగికి సయితము, బాగుపడిన దినమున యాజకుడు పాళెము వెలుపలికి వెళ్లి చూచి, వానిని తిరిగి చేర్చుకొను క్రమము వ్రాయబడియున్నది. మైలగా పుట్టి, మైలగా బ్రదికి, మైలగా చచ్చు మనుష్యుడు ధర్మశాస్త్రమంతటిలో ఒక్కడును లేడు. మైల ఒక స్థితి. అది పుట్టుక కాదు. ఒక కులమునకు గడువులేని మైలను అంటగట్టినది దేవుడు కాదు, మనుష్యుడే.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానిని నేరముగా ఎంచి శిక్షించు చట్టము వచ్చెను. ఇందునుగూర్చి దేవునికి కృతజ్ఞతలు చెల్లింతము. చట్టము నూతియొద్దకు దారి తెరువగలదు. ఒకని హృదయములోనుండి అసహ్యమును తీసివేయుట చట్టమువలన కాదు. దానికి తొట్టియొద్ద మోకరించుట కావలెను.

6. ఒంగోలులో వచ్చిన శోధన

మన తెలుగు సంఘములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిరి. ఆ యేడే మాదిగ కుటుంబమున పుట్టి తోళ్ల వ్యాపారము చేయుచుండిన యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన సాక్ష్యమువలన అనేకులు కదలిరి. అదే కాలమున ఒంగోలులోని పై కులములవారు కొందరు దొరగారితో స్నేహముగానుండి, సువార్త వినుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నయెడల మేము రాము, చేర్చుకొననియెడల మేము వత్తుమని వారు తెలియజేసిరి.

ఆయనకు ఇది గొప్ప శోధన. పలుకుబడిగలవారు ముందు వచ్చినయెడల పేదలు తరువాత రావచ్చునని లోకజ్ఞానము చెప్పును. ఆయన తన గదిలో ప్రార్థించి క్రొత్త నిబంధన తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయము చివరి భాగము కనబడెను. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనుటనుగూర్చిన భాగమది. మరియొక గదిలో ఆయన భార్యకును అదే భాగము తెరువబడెనని ఆయన తన జీవిత వృత్తాంతములో చెప్పిరి. వారు వెనుకాడలేదు. తలుపు తెరచి పేదలను చేర్చుకొనిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. గొప్ప కరువు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అంతకు ముందే, 1833లో, కలకత్తా బిషప్పు డానియేల్ విల్సన్‌గారు దక్షిణదేశపు సంఘములకు పత్రిక వ్రాసి, సంఘములోనుండి కులభేదమును విడిచిపెట్టవలెనని ఆజ్ఞాపించిరి. ప్రభువు బల్లయొద్ద ఎవరు ముందు, ఎవరు వెనుక అను వాడుకను మానవలసి వచ్చెను. తంజావూరులో అనేకులు దానికి ఒప్పుకొనక సంఘమునుండి తొలగిరి. వారు క్రిస్మస్ ఆచరించినవారే. తొట్టిలోని బిడ్డను పూజించిరి. పొరుగువాడు త్రాగిన గిన్నెను తాకలేకపోయిరి. మార్కియోను బేత్లెహేమును పుస్తకములోనుండి కత్తిరించెను. వారు పుస్తకములో దానిని ఉంచి, జీవితములోనుండి కత్తిరించిరి.

7. అంతియొకయలోని భోజనపు బల్ల

ఇది ఇతరులనుగూర్చిన మాటయని ఎంచుకొనకుడి. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకతీసెను. బర్నబా సయితము ఆ వేషధారణలో కొట్టుకొనిపోయెను. పౌలు అందరి యెదుట అతనిని గద్దించెను. ఎందుకు? అది మర్యాదకు సంబంధించిన చిన్న విషయము కాదు గనుక. బల్లయొద్దనుండి లేచిపోవుటలో సువార్తయే త్రోసివేయబడుచున్నదని పౌలు చూచెను.

మన సంఘములలో ఎక్కువ కుటుంబములు ఊరివారిచేత దూరముగా ఉంచబడిన పల్లెలనుండి వచ్చినవే. దూరపు బాధ మనకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు. అయినను కొన్ని గ్రామములలో మాలవారి గుడి వేరు, మాదిగవారి గుడి వేరు. ఒకే మిషను, ఒకే పాటల పుస్తకము, ఒకే ప్రభువు. సమాధుల స్థలము వేరు. పిల్లల సంబంధము మాట వచ్చినప్పుడు, బాప్తిస్మమునుగూర్చి అడుగకముందే కులమునుగూర్చి అడుగుదురు. ఊరివారు మనకు చేసిన దానిని మనము మన తోటి విశ్వాసికి చేయుచున్నాము. ఇది చెప్పుటకు చేదుగా ఉన్నది, కాని క్రిస్మస్ మాసములో చెప్పకుండుట ఇంకను చేదు.

మరియొక దూరము మన ఇండ్లలోనే ఉన్నది. కొన్ని కుటుంబములలో స్త్రీలు నెలసరి దినములలో ప్రభువు బల్లకు రాకుండ వెనుకనే కూర్చుందురు. ఎవరును ఆజ్ఞాపింపకపోయినను సిగ్గుతో అట్లు చేయుదురు. ప్రియమైన సహోదరీ, మార్కు 5వ అధ్యాయము నీ కొరకే వ్రాయబడినది. ఆ స్త్రీ జనసమూహములో వెనుకనుండి వచ్చెను. ప్రభువు ఆమెను ముందుకు పిలిచి, కుమారీ అని సంబోధించెను. దేవుని కుమారుడు స్త్రీ రక్తమునుండి శరీరమును ధరించెను. నిన్ను ఆయన బల్లనుండి దూరముగా ఉంచు మైల ఏదియు నీ శరీరములో లేదు.

8. ఒక ఆక్షేపణ

ఒకరు ఇట్లు అడుగవచ్చును. అయ్యగారూ, అన్ని మేరలు తీసివేసినయెడల పరిశుద్ధతకు అర్థమేమి? పాపముతో కలిసిపొమ్మని చెప్పుచున్నారా?

ఇది న్యాయమైన ప్రశ్న. ప్రభువు మనవలె పుట్టెను. పాపము మాత్రము ఆయనయందు లేదు. సుంకరులతో భోజనము చేసెను. వారి మోసములో పాలుపొందలేదు. జక్కయ్య యింట బస చేసెను. ఆ బసవలన ప్రభువు చెడిపోలేదు, జక్కయ్య అన్యాయముగా తీసికొనిన దానిని నాలుగంతలుగా తిరిగి ఇచ్చెదననెను. నిజమైన అపవిత్రత ఎక్కడనుండి వచ్చునో మార్కు 7వ అధ్యాయములో ఆయనే చెప్పెను. అది బయటనుండి తగులునది కాదు. హృదయములోనుండి బయలుదేరు దురాలోచన, దొంగతనము, లోభము, అహంకారము మనుష్యుని అపవిత్రపరచును. కావున మేర ఉన్నది. అయితే ఆ మేర నాకును పొరుగువానికిని మధ్య గీయబడలేదు. నా హృదయములోనే గీయబడినది. పొరుగువానిని దూరముగా ఉంచి నేను పరిశుద్ధుడను కాలేను. నాలోని అసహ్యమును దూరముచేసికొన్నప్పుడే పరిశుద్ధతలో ఒక అడుగు వేయుదును.

ఈ దగ్గరతనము మాటలతో ముగియునది కాదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి ఆరంభమాయెను. అక్కడ డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఎవరును దగ్గరకు రానియ్యని రోగులను దగ్గరకు తీసికొని చికిత్స చేసిరి. నేడు ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమగుచున్నది. మందులు రాకముందే చేయి చాపినవారు ఉండిరి గనుకనే రోగులు మందుకొరకు బయటికి వచ్చిరి. ముట్టుట ముందు, బాగుపడుట తరువాత. ప్రభువు నేర్పిన క్రమము అదియే.

9. ఈ క్రిస్మస్‌కు మనము చేయదగినది

పెద్ద మాటలతో ముగింపను. నాలుగు చిన్న పనులు చెప్పుచున్నాను. ప్రతి కుటుంబము ప్రార్థనలో ఆలోచించును గాక.

రాత్రి పాటల బృందము వీధులు తిరుగునప్పుడు, మనము ఎన్నడును పాడని గుమ్మములయొద్దను పాడుదుము. అక్కడ టీ ఇచ్చినయెడల నిలిచి త్రాగుదుము. త్రాగక ముందుకు సాగిపోవుటయు ఒక మాటయే. ఇంటివారికి ఆ మాట బాగుగా వినబడును.

రెండు గుళ్లున్న గ్రామములలో, పండుగ ఆరాధన ఈ యేడు ఒక గుడిలో, వచ్చే యేడు మరియొక గుడిలో కలిసి జరుపుకొనుటకు పెద్దలు కూర్చుండి మాటలాడుదురు గాక. ప్రేమవిందులో వరుసలు వేరుగా కూర్చుండకుండ చూచుకొందురు గాక.

సంఘములో దీర్ఘవ్యాధితో పడియున్నవారున్నయెడల, వారి యింటికి కేకు పంపి ఊరకుండక, వెళ్లి మంచము ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని ప్రార్థింపుడి.

కాన్పు అయిన తల్లియున్న యింటికి సంఘపెద్దలు వెళ్లి, బిడ్డను చేతులలోనికి ఎత్తుకొని ఆశీర్వదింపుడి. సుమెయోను మందిరములో ఒక పేదరాలి బిడ్డను ఎత్తుకొని దేవుని స్తుతించెను. ఆ బిడ్డలో ఇశ్రాయేలు మహిమను, అన్యజనుల వెలుగును చూచెను. మన పల్లెలలో పుట్టు ప్రతి బిడ్డ ఆ ప్రభువు ధరించిన శరీరమునే ధరించి పుట్టుచున్నది. ఏ యింట పుట్టినను, ఎవరి చేతులలో పుట్టినను, పుట్టుకచేత మైలయైన బిడ్డ ఒక్కటియు లేదు. రక్షకుడు పుట్టి దీనిని మనకు ఎల్లకాలమునకు తెలియజేసెను.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీ కుమారుని మహిమలోనుండి మాత్రమే చూపక, పురిటింటిలోనికి పంపినందుకు నీకు స్తోత్రము. మేము దూరముగా ఉంచినవారిని నీవు దగ్గరకు తీసికొంటివి. మమ్మును దూరముగా ఉంచినవారిని క్షమించుటకును, మేము దూరముగా ఉంచినవారియొద్దకు వెళ్లుటకును మాకు కృప దయచేయుము. మా చేతులను, మా బల్లలను, మా గుడి వాకిండ్లను నీ కుమారుని పుట్టుకకు తగినవిగా చేయుము. స్త్రీయందు పుట్టి మమ్మును తన సహోదరులని పిలుచుటకు సిగ్గుపడని యేసుక్రీస్తు ప్రభువు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.